టికెట్టు కొనేది ఒకరు, ఆ రాత్రి గడిపేది మరొకరు

ఈ ఉదయం మొగల్రాజపురంలో మా పక్కింటి పిన్నిగారు ఫోను పట్టుకుని వచ్చారు. న్యూజెర్సీలో ఉన్న కొడుకు నిన్న టికెట్లు కొని పంపాడట, ఒకసారి చూసి చెప్పమన్నారు. శంషాబాద్ నుంచి లండన్, రాత్రికి లండన్‌లో ఆగి మర్నాడు న్యూయార్క్. చూడగానే నా గుండె ఝల్లుమంది. దిగే చోట ఎల్‌హెచ్‌ఆర్ అని, ఎక్కే చోట ఎల్‌జీడబ్ల్యూ అని ఉంది. మొదటిది హీత్రూ, రెండోది గాట్విక్. ఒకటి లండన్‌కు పడమర, ఇంకొకటి దక్షిణం. మధ్య రోడ్డు దూరం 60 కిలోమీటర్ల పైమాటే. ఇంచుమించు గుంటూరు నుంచి గన్నవరం వెళ్ళినంత. పిన్నిగారికి, బాబాయిగారికి ఇది మొదటి విదేశీ ప్రయాణం.

కిందటి ఏడాది మే నెలలో నేను సరిగ్గా ఇదే దారిలో వెళ్ళాను. నాతో డెబ్బై ఒక్కేళ్ళ మా అత్తయ్య, ఇద్దరు పిల్లలు, ఆరు పెట్టెలు. టికెట్లు కొన్నది మా మరిది. "వదినా, నలుగురికీ కలిపి 62 వేలు మిగులుతున్నాయి" అని సంతోషంగా చెప్పాడు. అతను చెడ్డవాడు కాదు. ఆ దారిలో తాను ఒక్కడే, భుజాన ఒక సంచితో, రెండుసార్లు తిరిగినవాడు. అతనికి ఆ రాత్రి ఒక కుర్చీలో కునుకుతో గడిచిపోయింది. నా కోపమంతా ఇక్కడే. టికెట్టు కొనేవారు ఆ రాత్రిని విరామంగా చూస్తారు. మోకాళ్ళు అరిగిన మనిషికి, నిద్ర ఆపుకోలేని పిల్లవాడికి ప్రయాణంలో అన్నిటికంటే కష్టమైన భాగం అదే.

మా రెండు విమానాల టికెట్లూ వేరువేరు. అంటే పెట్టెలు నేరుగా న్యూయార్క్ వెళ్ళవు. హీత్రూలో మనమే తీసుకుని, బ్రిటన్ సరిహద్దు తనిఖీ దాటి, కస్టమ్స్ దాటి బయటికి రావాలి. వీసా సంగతి మరిదికి గుర్తే లేదు. భారతీయ పాస్‌పోర్టుతో లండన్‌లో బయటికి వచ్చి విమానాశ్రయం మారాలంటే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉండి, మర్నాడు అర్ధరాత్రి లోపు వెళ్ళిపోయే విమానానికి టికెట్టు చూపిస్తే మినహాయింపు ఉంటుంది, కానీ ఆఖరి మాట సరిహద్దు అధికారిదే. మాకు మినహాయింపు దొరికింది. అడిగిన ప్రతి ప్రశ్నకూ అత్తయ్య నా చీర కొంగు పట్టుకుని నిలబడ్డారు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడంపై బ్రిటన్‌లో నిషేధం ఉంది. పచ్చళ్ళ జాబితా చూసుకున్నాను గానీ, పిల్లల కోసం అత్తయ్య సర్దిన నెయ్యి సీసాను మరిచిపోయాను. దాన్ని అక్కడే వదిలేశాం. మధ్యలో ఇంకో దేశపు కస్టమ్స్ దాటాల్సి ఉంటుందని ముందే తెలిసి ఉంటే ఆవిడ దాన్ని ఇంట్లోంచే తెచ్చేవారు కాదు.

అత్తయ్యకు వీల్‌చైర్ అడిగి ఉంచాం. అది ఉన్నది ఆ విమానాశ్రయం వరకే. తోసుకొచ్చిన అమ్మాయి ఎంతో మర్యాదగా బస్సు స్టాండు దాకా దింపి నమస్కారం చేసి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి గాట్విక్ గుమ్మం దాకా అత్తయ్యకు నేనే దిక్కు, పెట్టెలకూ నేనే దిక్కు. రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణికుడు ఎవరి బాధ్యతా కాదు. ఈ ఒక్క మాట తెలిసి ఉంటే నేను ఆ టికెట్టు ఒప్పుకునేదాన్ని కాదు.

హోటలు గది హీత్రూ పక్కన తీసుకున్నాడు మరిది, దిగగానే పడుకోవచ్చని. ఇది పెద్ద పొరపాటు. మధ్యాహ్నం దిగిన మనకు వెలుగు ఉంది, ఓపిక కొంత మిగిలి ఉంది, ఎంత ఆలస్యమైనా తప్పిపోయేది ఏమీ లేదు. ఆ బస్సు ప్రయాణం ఆ రోజే చేసి, రెండో విమానాశ్రయం పక్కన పడుకోవాలి. మేము ఉదయానికి వదిలేశాం. రాత్రి ఎనిమిదిన్నరకు కూడా ఆకాశంలో వెలుగు పోలేదు. దీపం పెట్టే వేళ ఎప్పుడవుతుందని అత్తయ్య కిటికీ దగ్గరే కూర్చున్నారు. అక్కడ రాత్రి రెండు గంటలైతే మనకు ఉదయం ఆరున్నర, కాబట్టి పిల్లలు అర్ధరాత్రి దాటగానే ఆకలని లేచి కూర్చున్నారు. ఉదయం లండన్ చుట్టూ తిరిగే ఎం25 రహదారి మీద బస్సు నిలిచిపోయింది. కదలని బస్సులో గడియారం చూస్తూ కూర్చున్న ఆ గంటను నేను మరిచిపోలేను. మొదటి విమానం ఆలస్యమైనా, ఈ బస్సు ఆలస్యమైనా, వేరే టికెట్టు కాబట్టి రెండో సంస్థకు ఏ బాధ్యతా ఉండదు. నలుగురికీ కొత్త టికెట్లు కొనుక్కోవాల్సిందే. కౌంటరు మూసేందుకు పావుగంట ఉందనగా చేరాం. అక్కడ సామాను పరిమితి తక్కువ, రెండు పెట్టెలకు అదనంగా కట్టమన్నారు.

లెక్క చెప్తాను. రెండు గదులకు 26 వేలు, బస్సుకు 10 వేలు, పెట్టెలకు 17 వేలు, తిండికి 6 వేలు. మిగిలింది మూడు వేల రూపాయలు. అత్తయ్య మోకాలి వాపు తగ్గడానికి వారం పట్టింది.

టికెట్లు అమ్మే వెబ్‌సైట్లనూ అడగాలి. ఎంతసేపు ఆగాలో పెద్ద అక్షరాల్లో చూపిస్తారు, విమానాశ్రయం మారాలన్న సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనే మీట పక్కనే అది కనబడాలి. ఇది ఒక్క లండన్ సంగతి కాదు. న్యూయార్క్‌కు జేఎఫ్‌కే, లాగార్డియా, నదికి అవతల నెవార్క్ ఉన్నాయి. టోక్యోలో నరిటా, హనెడా. మన గోవాలో దబోలిమ్, మోపా. ఊరి పేరు చూసి సరిపెట్టుకోకండి, మూడక్షరాల కోడ్ చూడండి. పెద్దవాళ్ళకైతే దుబాయి, దోహా లాంటి చోట ఒకే విమానాశ్రయంలో మారేలా ఒకే టికెట్టు తీసుకోండి. పెట్టెలు వాటంతట అవి ముందుకు వెళ్తాయి, మొదటి విమానం ఆలస్యమైతే తరువాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్ళది.

పిన్నిగారి చేత కొడుక్కి ఫోను చేయించాను. అమెరికాకు వెళ్ళే టికెట్టు ప్రయాణానికి వారం, అంతకుమించి ముందు, విమాన సంస్థ దగ్గర నేరుగా కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకున్నవారి డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా డబ్బు కట్టకముందే ఆ ధరను 24 గంటలు ఆపి ఉంచాలి అన్నది అక్కడి నిబంధన. అతను కొన్నది నిన్న సాయంత్రం. ఆ రాత్రి మీ నాన్నగారు ఎక్కడ పడుకుంటారు, పెట్టెలు ఎవరు మోస్తారు అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అది చూడలేదక్కా" అన్నాడు. ఇప్పుడు దోహా మీదుగా చూస్తున్నాడు.