వారపు కృత్యాలలో విద్యార్థుల జోక్యాన్ని నివారించవలసిన ఆవశ్యకత

ఐదో తరగతి పిల్లలున్న ఇళ్ళకు ఆదివారం సాయంత్రం వాట్సాప్‌లో ఒక పట్టిక చేరుతుంది. రాబోయే వారంలో ఏ రోజు ఏ కృత్యం జరుగుతుందో, ఆ రోజు పిల్లవాడు ఏ రంగు చొక్కా తొడుక్కుని రావాలో, ఇంట్లోవాళ్ళు ముందు రాత్రి ఏమేమి కొని ఉంచుకోవాలో అందులో సవివరంగా ఉంటుంది. శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఈ పట్టిక పంపని ప్రైవేటు బడిలో పిల్లలను చేర్చడం పరువు తక్కువ అనుకునే స్థాయికి మనం ఎదగడం సంతోషించదగిన విషయం. ఇంత చక్కని ఏర్పాటులో నాకు కనబడిన లోపం ఒక్కటే. పట్టిక బాగుంది, చార్టులు బాగున్నాయి, ఫోటోల సంగతి చెప్పనే అక్కరలేదు. అయితే ఈ కృత్యాలలో ఇప్పటికీ విద్యార్థులను పాల్గొననిస్తున్నారు. వారి వల్ల కృత్యాల నాణ్యత దెబ్బతింటున్నదనీ, కాబట్టి వారిని ఈ బాధ్యత నుండి క్రమంగా తప్పించాలనీ సాటి తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ సవినయంగా విన్నవించుకుంటున్నాను.

నిజానికి ఈ దిశలో సగం పని ఇప్పటికే పూర్తయింది. సౌర కుటుంబం నమూనా సంగతి చూడండి. సోమవారం ప్రకటిస్తారు, బుధవారం తెమ్మంటారు. మంగళవారం సాయంత్రం డ్యూటీ దిగిన తండ్రి ఏడు రోడ్ల కూడలి దగ్గర బండి ఆపి, ఫ్యాన్సీ షాపులో థర్మోకోల్ షీటు, ఉండల ప్యాకెట్టు, రంగులు, ఫెవికాల్ డబ్బా కొని ఇంటికి చేరుకుంటాడు. ప్యాకెట్టులో సూర్యుణ్ణి మినహాయిస్తే తొమ్మిది ఉండలుంటాయి. అంతర్జాతీయ ఖగోళ సంఘం 2006లోనే ప్లూటోను గ్రహాల జాబితా నుండి తీసివేసిన సంగతి ఆ ప్యాకెట్లు కట్టేవారి దాకా ఇంకా రాలేదు. డబ్బు పెట్టి కొన్న ఉండను పారేయడానికి మధ్యతరగతి మనసు ఒప్పుకోదు కనుక మన జిల్లాలో ప్లూటో ఇప్పటికీ గ్రహ హోదాను అనుభవిస్తూనే ఉంది. రాత్రి పదకొండు దాటాక శనిగ్రహం వలయం ఊడిపోతుంది. తల్లి తన పాత ప్లాస్టిక్ గాజు ఒకటి తెచ్చి ఆ గ్రహానికి తొడుగుతుంది. ఈ ఖగోళ సంఘటనలన్నీ జరుగుతున్నంతసేపూ వాటి లబ్ధిదారుడైన విద్యార్థి మంచి నిద్రలో ఉంటాడు.

మాకు తెలిసిన ఒక ఇంట్లో తెల్లవారి ఆ నమూనాను చూసిన నాన్నమ్మ, "ఉండలన్నీ మీ నాన్నే అతికీసినాడు కదరా, మరి నువ్వేటి నేర్సుకున్నావు?" అని అడిగింది. మనవడు ఏమాత్రం తడుముకోకుండా, "ముట్టుకుంటే ఊడిపోద్దని నేర్సుకున్నాను నాన్నమ్మా" అన్నాడట. కృత్యాధార బోధన సాధించిన ఫలితాలలో ఇంత స్పష్టమైనది మరొకటి నా దృష్టికి రాలేదు.

నియమాల ఉల్లంఘన జరుగుతున్నదని ఎవరైనా ఆరోపిస్తే నేను ఒప్పుకోను. 2020లో కేంద్రం ప్రకటించిన పాఠశాల సంచి విధానం ప్రకారం మూడు నుండి ఐదో తరగతి వరకు ఇంటిపని వారానికి రెండు గంటలకు మించకూడదు. మన పాఠశాలలు ఈ నియమాన్ని అక్షరాలా పాటిస్తున్నాయి. విద్యార్థికి వారానికి రెండు గంటలకు మించి పని ఉండదు. మిగిలిన పదీ పన్నెండు గంటల పనీ తల్లిదండ్రులది, వారు ఏ తరగతిలోనూ నమోదు కాలేదు కనుక వారికి ఆ విధానం వర్తించదు. థర్మోకోల్ విషయంలోనూ ఇదే మాట. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అయినా పర్యావరణ కృత్యం నాడు "ప్లాస్టిక్‌ను తరిమికొడదాం" అన్న అక్షరాలను థర్మోకోల్‌తోనే కోసి, మెరుపులు అద్ది గోడకు తగిలిస్తారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నిషేధం అలంకరణకు గాని అవగాహనకు కాదు.

ఇక తరగతి గదిలో జరిగే భాగానికి వద్దాం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పీరియడు నలభై నిమిషాలు. బ్యానరు కట్టడానికి పది నిమిషాలు, బల్లలు వెనక్కి జరపడానికి పది నిమిషాలు, చార్టు తలకిందులుగా పట్టుకున్న పిల్లవాడి చేతిలో దాన్ని సరిచేయడానికి అయిదు నిమిషాలు పోగా మిగిలిన సమయంలో ఫోటో తీయాలి. ఫోటోలో అందరూ ఏకాగ్రతతో చార్టు వైపు చూస్తూ ఉండాలి, ముఖాలు మాత్రం కెమెరాకు కనబడుతూ ఉండాలి. ఈ రెండూ ఒక్కసారే సాధ్యం కావాలంటే మెడను ఏ కోణంలో తిప్పాలో ఐదో తరగతి గణితంలోని కోణాల పాఠంలో ఎక్కడా లేదు. అయినా టీచరమ్మ ఓపికగా నేర్పుతుంది. ఆ వారం పిల్లలు నిజంగా నేర్చుకున్న కోణం అదొక్కటే. ఇంతలో వెనక వరుసలో ఒకడు, "టీచర్, సూర్యుడు తిరగడు కదా, మరి పొద్దున్న ఒకచోట సాయంత్రం ఒకచోట ఎలాగున్నాడు?" అని లేచి నిలబడతాడు. ఫోటో చెడిపోతుంది. విద్యార్థుల జోక్యం అని నేనంటున్నది సరిగ్గా దీనినే.

ప్రభుత్వ బడుల పరిస్థితి కూడా ఏమంత భిన్నం కాదు, అక్కడ ఫోటో చేరవలసిన చోటు మాత్రమే వేరు. పక్క ఊరి మేస్టారు ఒకరు తన ఉద్యోగాన్ని వర్ణిస్తూ, పొద్దున్నే తన ముఖాన్ని ఒక యాప్‌కు చూపిస్తాననీ, పిల్లల హాజరును మరొక చోట ఎక్కిస్తాననీ, మధ్యాహ్నం భోజనం లెక్క ఇంకొక చోట నింపుతాననీ, సిగ్నల్ కోసం వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు కిటికీలోంచి పాఠం చెబుతాననీ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుడికి సన్నాహంతో కలిపి వారానికి 45 పనిగంటలు నిర్ణయించింది. ఆ చట్టం రాసినవారు పాఠానికి సన్నద్ధం కావడం గురించి ఆలోచించారు గాని, ఫోటో అప్‌లోడ్ అయ్యేదాకా తిరిగే ఆ చిన్న చక్రం ముందు కూర్చోవడం గురించి వారికి అప్పట్లో తెలిసే వీలు లేదు.

విద్యార్థులు ప్రతిబంధకం అని నేను ఊరికే అనడం లేదు, ఆధారం ఉంది. పిల్లల చదువు స్థాయిని పరీక్షించే అసర్ అనే సర్వే 2022 నివేదిక ప్రకారం గ్రామీణ భారతదేశంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 42.8 శాతం. ఈ అంకెను చూసి చాలామంది కంగారుపడ్డారు. సర్వే చేసిన పద్ధతిలోనే దోషం ఉందని నా అభిప్రాయం. వారు ఒక్కొక్క పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి, చేతికి కాగితమిచ్చి, పైకి చదవమన్నారు. అలా కాకుండా అందరినీ కలిపి చేతుల్లో పుస్తకాలు పెట్టి గ్రూపు ఫోటో తీసి ఉంటే ఫలితం నూటికి నూరు వచ్చి ఉండేది.

డిసెంబరు 22 జాతీయ గణిత దినోత్సవం నాడు ఒక పట్టణ పాఠశాలలో నలుగురు రామానుజన్లు వచ్చారు. నుదుట నామం, ఒంటి మీద అద్దెకు తెచ్చిన కోటు, చంకలో నోటుపుస్తకం. చూడముచ్చటగా ఉన్నారు. అతిథిగా వచ్చిన పెద్దమనిషి, పాపం ఆయనకు ఈ కార్యక్రమాల మర్యాద తెలియదు, వారిలో ఒకరిని పిలిచి అర, పావు కలిపితే ఎంత అని అడిగాడు. ఆ రామానుజన్ కాసేపు ఆలోచించి, "ఆ డైలాగు మా అమ్మ చెప్పలేదు సార్" అన్నాడు. తప్పు అతిథిదే. వేషం కట్టినవాణ్ణి పద్యం అడగాలి గాని లెక్క అడగకూడదు.

భిన్నాలు నేర్పాలంటే దగ్గర్లోనే దారి ఉంది కదా అని కొందరు వాదిస్తారు. బొబ్బిలిలో పనస మొద్దును తొలిచి వీణలు చేస్తారు. వీణకు 24 మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర తీగ పొడవు సరిగ్గా సగమవుతుంది, అక్కడ నొక్కి మీటితే పై షడ్జమం, అంటే పై స్థాయి 'స', పలుకుతుంది. తీగలో మూడింట రెండు వంతులు మోగనిస్తే పంచమం, అంటే 'ప', వస్తుంది. చెవితో విన్న భిన్నాన్ని పిల్లవాడు మరిచిపోడు. ప్రమాదం అందులోనే ఉంది. ఇంటికి వచ్చి, మూడింట రెండు వంతులకూ నాలుగింట మూడు వంతులకూ స్వరం ఎందుకు మారుతుందని అడిగితే, రాత్రి పన్నెండింటిదాకా శని వలయం అతికించి అలసిపోయిన తండ్రి ఏమని జవాబు చెప్పాలి?

అరసవల్లి సంగతీ అంతే. శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న సూర్యదేవాలయంలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్ది రోజులు ఉదయకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జిల్లాలో చంటిపిల్లలకూ తెలుసు. సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా తూర్పు దిక్కులో ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఉండడం వల్ల ఒకే దిశ నుండి కిరణాలు ఏటా రెండుసార్లు రావడం సాధ్యమవుతుంది. బడి ఆవరణలో ఒక కర్ర పాతి, వారానికొకసారి అదే వేళకు నీడ కొనను సుద్దముక్కతో గుర్తు పెడితే ఈ కదలిక అంతా పిల్లలే కనిపెట్టగలరు. ఖర్చు లేదు. కానీ ఆ కృత్యం పూర్తికావడానికి ఏడాది పడుతుంది, పట్టికలో మనకున్నది బుధవారం మూడో పీరియడు. పైగా కర్ర నీడ ఫోటోలో ఏమంత బాగా కనబడదు, దానికి మెరుపులు అద్దడం కూడా వీలుకాదు.

"మన చేతివృత్తులు" అనే కృత్యానికి షాపులో అయిదు రూపాయలకు బొమ్మల షీటు దొరుకుతుంది. కుమ్మరి, కమ్మరి, నేతగాడు వరుసగా ఉంటారు. నేతగాడి తలపాగా చూస్తే ఎడారి ప్రాంతపు మనిషిలా ఉంటాడు. పొందూరు మనకు ఎంతో దూరం లేదు. అక్కడ ఖాదీకి పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ సన్నని పళ్ళ మధ్య మురికిని వదిలించుకుని దూది ఎలా సాపు అవుతుందో ఒక్కసారి చూసిన పిల్ల చేప గురించి అడుగుతుంది, పత్తి గురించి అడుగుతుంది, రాట్నం తిప్పే అవ్వకు రోజుకు ఎంత గిడుతుందని కూడా అడుగుతుంది. చివరి ప్రశ్న ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో ఎవరూ తేల్చలేరు. కత్తిరించి అతికించిన నేతగాడితో ఈ ఇబ్బంది ఉండదు. నాగావళిని కూడా మనం చార్టు మీద నీలిరంగు స్కెచ్‌తో గీయించి సరిపెట్టుకుంటున్నాం. వంతెన మీదికి తీసుకువెళితే నీరు ఆ రంగులో లేదని పిల్లలు బయటపెడతారు.

శనివారం సంచి లేని రోజు. ఇది ఎంత గొప్ప సంస్కరణో ఆ రోజు ఉదయం బడి ముందు నిలబడితే తెలుస్తుంది. పుస్తకాల సంచి బరువు పిల్లవాడి బరువులో పదో వంతుకు మించరాదని విధానం చెబుతుంది. శనివారం సంచి ఉండదు కనుక ఆ లెక్కే ఉండదు. చుట్టిన చార్టులు, రంగుల పెట్టె, టిఫిను డబ్బా, వేషం బట్టలు, ఆకుల సేకరణ, కుండీతో సహా ఒక తులసిమొక్క రెండు చేతులకూ వేలాడుతుంటాయి.

కాబట్టి నా ప్రతిపాదనలు ఇవి. ఫ్యాన్సీ షాపుకు పాఠశాల నేరుగా ఆర్డరు ఇచ్చి నమూనాలను తెప్పించుకోవాలి. మధ్యలో తల్లిదండ్రుల నిద్ర చెడదు, వలయాలూ గట్టిగా ఉంటాయి. ఫోటోలలో ప్రతివారం ముందు వరుసలో కనబడేది ఎలాగూ ఆ నలుగురు పిల్లలే కనుక, బాగా నవ్వగలిగిన నలుగురిని జిల్లాకంతటికీ ఎంపిక చేసి బడులన్నిటికీ వంతులవారీగా తిప్పవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటోల కింద మనం పెట్టే చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు ఫోనే సొంతంగా పెట్టేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఫీజు మాత్రం యథాతథంగా ఉండాలి, అందులో నాకు సందేహం లేదు.

కృత్యం జరుగుతున్న ఆ గంటసేపు మిగిలిన పిల్లలను ఏం చేయాలన్న ప్రశ్న ఒకటి ఉంది. వారిని పక్క గదిలో కూర్చోబెట్టి, ఒక నల్లబల్ల, సుద్దముక్కలు, ఒక ఉపాధ్యాయుణ్ణి ఇస్తే సరిపోతుంది. ఆయన ఒక్కొక్కరి చేత పాఠం చదివించుకోవచ్చు, అర, పావు కలిపించుకోవచ్చు, సూర్యుడి గురించి అడిగినవాడికి తీరికగా జవాబు చెప్పుకోవచ్చు. అక్కడ ఏం జరిగినా ఫోటో ఉండదు కనుక పాఠశాల ప్రతిష్ఠకు భంగం లేదు. అయితే ఆ ఉపాధ్యాయుడి దగ్గర ఫోను ఉండకూడదు, ఈ రోజుల్లో ఫోను లేకపోతే ఆయన హాజరే పడదు. హాజరు పడగానే ఫోనును ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో పెట్టి తాళం వేయాలని సూచిస్తున్నాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది తల్లిదండ్రుల కమిటీ తీర్మానించాలి, ఆ సమావేశం ఫోటో గ్రూపులో పెట్టాలి.