50 రూపాయల జరిమానా గారికి

మహారాజశ్రీ 50 రూపాయల జరిమానా గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలు మీ కోసం పోలీస్ స్టేషన్ బెంచీ మీద పడిగాపులు కాశానండీ, మీ దర్శనం కాలేదు. మా వీధి చివర మెస్సులో అన్నం వార్చిన గంజి, సలసలా కాగేది, తీసుకెళ్లి గుమ్మం పక్కన పడుకున్న కుక్క మీద పోశారు. చెయ్యి జారి కాదు. "ఎన్నిసార్లు తోలినా పోదండీ" అని వాళ్లే చెప్పారు, దాచనైనా దాచలేదు. నడుం దగ్గర అరచెయ్యంత మేర బొచ్చు తడిసి అతుక్కుపోయిందనుకుని వంగి చూస్తే అది బొచ్చు కాదు, లేచిపోయిన చర్మం.

రైటర్ గారు నా కాయితం చదివి, నవ్వు ఆపుకుని, "జంతుహింస నివారణ చట్టం, సెక్షన్ 11 సార్, మొదటిసారైతే ఫైన్ 10 నుంచి 50. అదీ కోర్టు పర్మిషన్ లేకుండా మేం కేసు కట్టలేం. మీకు ఆటోకెంతయింది?" అన్నారు. రానూపోనూ 160 అండీ.

భారతీయ న్యాయ సంహితలో జంతువుని చంపినా, అవిటిదాన్ని చేసినా 325వ సెక్షన్ ఉంది కదా, అయిదేళ్ల దాకా జైలు కదా అన్నాను, ఆటోలో చదువుకునే వెళ్లాను మరి. "ఈ కుక్కకి ఓనర్ ఎవరు సార్?" అన్నారు. అంటే గంజి పడేది కుక్క మీద, నష్టం మాత్రం ఇంకెవరికో జరగాలి! కాంట్ అనే తత్వవేత్త పెద్దాయన కూడా ఇదే వరస, జంతువుని హింసించేవాడు రేపు మనుషులతోనూ అంతే కఠినంగా ఉంటాడు కాబట్టి తప్పు అన్నాడు, అంటే కుక్క మనకి రఫ్ నోట్స్ అన్నమాట. అవి ఆలోచిస్తాయా, మాట్లాడతాయా అని కాదు, బాధపడతాయా అనేదే అసలు ప్రశ్న అని బెంథామ్ అనే ఇంకో తత్వవేత్త 1789లోనే తేల్చేశాడు. మన స్టేషన్ దాకా ఇంకా రాలేదు ఆ కబురు.

మెస్సు ఓనరు మాత్రం ఒక్క మాటతో నా నోరు మూయించాడు. "ఆదివారం చికెన్ పార్సిల్ మా దగ్గరే కదండీ పట్టుకెళ్లారు?" నిజమే. కుక్క బాధ ఒక బాధ, కోడి బాధ ఇంకో బాధ ఎలా అయిందని పీటర్ సింగర్ అనే తత్వవేత్త 1975లో పుస్తకం రాసి అడిగింది కూడా ఇదే. మీ చట్టం గట్టిది, "అనవసరమైన" బాధ పెట్టకపోతే చాలు, తినడానికి చంపడం నేరం కాదని ముందే రాసేసుకుంది. ఏది అవసరమో చెప్పాల్సింది తినేవాడే, అంటే నేనే. సర్లెండి, దానికి ఇంకో రోజు ఏడుస్తా.

మీ సంగతికొద్దాం. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ గారు రాజ్యసభలో బిల్లు పెట్టి అంత పోరాడితే 1960లో చట్టం వచ్చింది, దాంతోపాటే మీరూ వచ్చారు. అప్పుడు పది గ్రాముల బంగారం నూట పదో ఎంతో, అంటే మీరు దాదాపు నాలుగున్నర గ్రాముల బంగారం, పడితే మనిషికి చురుక్కుమనేది. ఇప్పుడు? బంగారం లక్ష దాటింది, మీరు 50. పెట్రోలు, పాలు, మెస్సులో ప్లేటు మీల్స్ అన్నీ పెరిగాయి, మీరు 50. జల్లికట్టు కేసులో 2014లో సుప్రీంకోర్టే శిక్షలు పెంచమని పార్లమెంటుకి చెప్పింది. 2022లో చట్టాన్ని సవరించే ముసాయిదా కూడా తయారైంది, జైలు, వేలల్లో ఫైను, అన్నీ రాశారు. చట్టం అవ్వలేదు, నువ్వు కదల్లేదు. అవును, నువ్వే. ఇంకా ఏం మర్యాద నీకు? ఒక ప్రాణి ఒళ్లు కాలితే ప్లేటు మిర్చి బజ్జీ రేటు కట్టావు, అదీ ఎక్కువలో ఎక్కువ, జడ్జి గారికి జాలేస్తే పదే!

అయినా తిట్టి లాభం లేదు, ఎందుకంటే నిన్ను నేను ఇంతవరకూ చూడనే లేదు. మా వీధిలో ఎవడికీ నువ్వు పడగా విన్లేదు. పెరగొద్దు, 50గానే ఉండు, కానీ ఒక్కసారి పడు. ఆ మెస్సు వాడు జేబులోంచి 50 నోటు తీసి టేబుల్ మీద పెట్టడం నేను కళ్లారా చూడాలి. చిల్లర లేదంటే నేనే ఇస్తా.

ఇట్లు,
ఆటోకి 160, ఆయింట్‌మెంట్‌కి ఇంకో 140 వదిలించుకున్నవాడు