లైను మొత్తం దూది నింపొద్దు

3 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్‌తో (అన్ని స్వరాలూ ఒక్కటే పలికే యూనిట్) ట్రాన్స్‌మిషన్ లైన్ స్పీకర్ కట్టే పద్ధతి మీ వ్యాసంలో బాగా చెప్పారు. డ్రైవర్ వెనక శబ్దం మడతలు పెట్టిన పొడవాటి దారి (లైను) గుండా బయటికి వచ్చే డబ్బా అది. ‘లైను మొత్తం గట్టిగా నింపండి’ అన్న దగ్గరే నాకు అభ్యంతరం. అలా దూది నింపితే డ్రైవర్ కోన్ (ఊగే పొర) వెనక నుంచి వచ్చే బేస్ లోపలే చచ్చిపోతుంది. మిగిలేది మూసేసిన డబ్బా, దానికి ప్లైవుడ్ ఇన్ని ముక్కలు కోయడం ఎందుకు? దిండ్లలో వాడే పాలిస్టర్ దూదిని మూసిన చివర నుంచి సగం దాకా, మహా అయితే మూడింట రెండు వంతుల దాకా వదులుగా పెట్టి, తెరిచిన చివర ఖాళీగా ఉంచితే మేలు.

పొడవు విషయంలో మాత్రం బేరాల్లేవు. బేస్ 50 హెర్ట్జ్ దాకా దిగాలంటే లైను ఆ తరంగంలో నాలుగో వంతు ఉండాలి. 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 6.9 మీటర్లు, అందులో నాలుగో వంతు 1.7 మీటర్లు. ఎన్ని మడతలు పెట్టినా దారి అంత ఉండాల్సిందే. చివరికి సన్నబడేలా కడితే కొంత తగ్గించుకోవచ్చు. 70 హెర్ట్జ్‌తో సరిపెట్టుకుంటే 1.2 మీటర్లు చాలు. చిన్న గదికి, తక్కువ వాల్యూమ్‌కి నేనైతే అదే ఎంచుకుంటాను. 3 అంగుళాల కోన్ ఎంత గాలిని కదిలిస్తుంది చెప్పండి!

డ్రైవర్‌ని మూసిన చివర నుంచి మూడో వంతు దూరంలో బిగిస్తే, ట్యూనింగ్‌కి (లైను పొడవుకి కుదిరే ఆ 50 లేదా 70 హెర్ట్జ్‌కి) మూడు రెట్ల దగ్గర లేచే గూను, అంటే అక్కడ మాత్రం పెరిగే మోత, చాలావరకు అణుగుతుంది. మీ బొమ్మలో డ్రైవర్ మూసిన చివరనే ఉంది, ఎందుకు?

బ్యాఫిల్ స్టెప్‌ని (తక్కువ స్వరాలు డబ్బా ముందు పలకని దాటి వెనక్కి కూడా పోయి పలచబడటాన్ని) సరిదిద్దే కాయిల్, రెసిస్టర్ విలువలు కూడా ఇవ్వండి. అవి లేకుండా స్పీకర్లు గోడకి దూరంగా పెడితే గొంతులు పీలగా వినిపిస్తాయి.