దాహం తీర్చిన ప్లంబర్

1917లో న్యూయార్క్‌లో మార్సెల్ ద్యుషాంప్ అనే మహానుభావుడు ఒక పింగాణీ యూరినల్ మీద ‘ఆర్. మట్’ అని దొంగ సంతకం పెట్టి, ‘ఫౌంటెన్’ అని పేరు తగిలించి ఎగ్జిబిషన్‌కి పంపాడు. ఫీజు కడితే చాలు, ఎవరి కళనైనా ప్రదర్శిస్తామన్న నిర్వాహకులు దాన్ని మాత్రం జనం కంట పడనివ్వలేదు. 2004లో బ్రిటన్‌లో కళారంగం పెద్దలు 500 మందిని అడిగితే, ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికన్నా ప్రభావం చూపిన కళాఖండం అదేనని తేలింది. ఈ కథంతా మా అమ్మకి చెప్తే, "కడిగే పంపాడా?" అని మాత్రం అడిగింది.

అమ్మకి అంత చరిత్ర చెప్పాల్సి రావడానికి కారణం మా అపార్ట్‌మెంటు టెర్రస్ మీద ఉంది. నేను పగలు బడి పుస్తకాలకి బొమ్మలు వేస్తుంటాను. ఆవు, పెంకుటిల్లు, జెండా పట్టుకున్న పిల్లలు. ఆవుకి నవ్వుమొహం పెట్టమని ఎడిటర్ గారు మెయిల్ పంపిన రోజుల్లోనే చండీగఢ్ వెళ్ళి రాక్ గార్డెన్ చూశాను. విరిగిన గాజులు, పగిలిన సింకులు, పింగాణీ పెంకులు, వీటితో నేక్‌చంద్ అనే రోడ్ ఇన్‌స్పెక్టర్ ఒక లోకమే కట్టేశాడు. 1957 నుంచి ఏళ్ళ తరబడి, ప్రభుత్వ అటవీ భూమిలో, ఎవరికీ తెలియకుండా! అదృష్టవంతుడు, ఆయనకి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లేదు.

తిరిగొచ్చి పాత ఇనుప సామాన్ల కొట్టు మీద పడ్డాను. తుప్పు పట్టిన జీఐ పైపులు, ఎల్బోలు, ఇత్తడి నల్లాలు పోగేసి, మా ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కనే ఛాతీ ఎత్తున ఒక ఆకారం నిలబెట్టాను. బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం కాచుకునే మన హైదరాబాద్ వేసవి అన్నమాట. చేతులన్నీ ఆకాశంకేసి చాచి ఉంటాయి, ప్రతి చేతికీ ఒక నల్లా, ఏ నల్లాకీ నీళ్ళు రావు. పేరు ‘దాహం’. చూడ్డానికి బంజారాహిల్స్ నుంచి ఒక గ్యాలరీ మేడమ్ ఆదివారం వస్తానన్నారు.

శనివారం ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు కారుతోందని సెక్రటరీ గారు ప్లంబర్‌ని పిలిచి, "పైన పైపుల సంగతి చూడు" అని పంపించారు. అంతే, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

సాయంత్రం మెట్ల మీద బకెట్లతో ఆడవాళ్ళు ఎదురయ్యారు. "ప్రెషర్ భలే ఉందమ్మా" అంది మూడో ఫ్లోర్ ఆంటీ. గుండె జారిపోయి పైకి పరిగెత్తాను. ‘దాహం’ అన్ని చేతులతోనూ ధారాళంగా నీళ్ళు పోస్తోంది. కింద ఎవరిదో దుప్పటి నానుతోంది. పైప్ రెంచ్ భుజాన వేసుకుని ప్లంబర్ తృప్తిగా చూస్తున్నాడు.

"ఎవడు బిగించిండక్కా దీన్ని? ఒక్క నల్లాకైనా కనెక్షన్ లేదు."

"అది అలాగే ఉండాలన్నా."

"అట్లనే ఎట్ల ఉంటది?" అన్నాడు, నిజంగానే బాధపడుతూ. "ఇంత సామాను పెట్టి నీళ్ళియ్యకపోతే పాపం కాదా?"

అది శిల్పమని చెప్పాను. నీళ్ళు రాకపోవడంలోనే అర్థం ఉందన్నాను. శ్రద్ధగా విని, "అర్థమైంది, మిస్త్రీకి పైసలు తక్కువిచ్చిండ్రు" అన్నాడు.

కోపంగా ఉన్నా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ శిల్పాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు వేరే ఎవరూ లేరు. నా స్నేహితులు సెల్ఫీ దిగి, "డీప్‌గా ఉంది" అని కిందికెళ్ళి బజ్జీలు తిన్నారు. ఈయన ప్రతి జాయింటూ తడిమి, మరలకి టెఫ్లాన్ టేపు చుట్టి, వాషర్లు మార్చి, మెడ దగ్గర నేను పెట్టిన రెండు ఎల్బోలలో ఒకటి పీకేశాడు. "ఇక్కడ వంపు దండగ." చెప్పకూడదు గానీ, ఆ వంపు నాకూ మొదట్నుంచీ నచ్చడం లేదు.

ఇలాంటివి జరుగుతూనే ఉంటాయని నన్ను నేను ఓదార్చుకున్నాను. 1973లో జర్మనీలో జోసెఫ్ బాయిస్ కళాఖండమైన స్నానాల తొట్టిని ఒక పార్టీ సమావేశానికొచ్చిన ఆడవాళ్ళు శుభ్రంగా తోమేశారు, గ్లాసులు కడుక్కోవడానికి. 2011లో డార్ట్‌మండ్ మ్యూజియంలో కిపెన్‌బెర్గర్ శిల్పం మీది మరకని క్లీనింగ్ ఆవిడ మరకే అనుకుని గీకేసింది. దాని బీమా 8 లక్షల యూరోలు. నా శిల్పానికి బీమా లేదు, బిల్లు మాత్రం వచ్చింది. టేపు, వాషర్లు, సీపీవీసీ పైపు, కూలి. సెక్రటరీ గారు దాన్ని చూసి, "మీ ఆర్టే కదమ్మా, మీరే కట్టండి" అని నా చేతిలో పెట్టారు. కారుతున్న ఓవర్‌ఫ్లో పైపు కారుతూనే ఉంది. దాని ముఖం ఎవరూ చూడలేదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తెల్లారి కనపడింది. పని ముగించాక ఆయన తన అలవాటు ప్రకారం, శిల్పం గుండెల మీద, నల్ల పెయింటుతో, ‘ప్లంబర్’ అని రాసి కింద పది అంకెల సెల్ నంబరు వేశాడు. నేనింకా సంతకం కూడా పెట్టలేదు.

చెరిపేద్దామని థిన్నర్ వెతుకుతుండగానే గ్యాలరీ మేడమ్ వచ్చేశారు. ఆవిడ చుట్టూ తిరిగి చూశారు. ఒక నల్లా తిప్పారు, కట్టేశారు. ఆ నంబరు ముందు చాలాసేపు నిలబడ్డారు. ద్యుషాంప్ దొంగ సంతకం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఏదో ఒకటి అల్లేద్దామని గొంతు సవరించుకున్నాను. ఆవిడ ఫోన్ తీసి, దగ్గరికి వంగి, ఆ అంకెల్ని మాత్రం ఫొటో తీసుకున్నారు.

"పిలిస్తే వస్తాడా అండీ ఈయన? మా గ్యాలరీ బాత్రూంలో ఫ్లష్ కారిపోతోంది, ఎవరూ దొరకడం లేదు."

సోమవారం పొద్దున్నే వెళ్ళాడట. నన్ను ఇంకా పిలవలేదు.