మా అక్వేరియం వెనక మూల సిలికాన్ గమ్ము గారికి

మహారాజశ్రీ సిలికాన్ గమ్ము గారి సముఖానికి,

హన్మకొండ నుంచి మీ కస్టమర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం తడిగా ఉన్నాం. అక్కడ, అంటే తొట్టి వెనక కుడి మూలన, మీరు పొడిగా ఉన్నారని తలచి మోసపోయాం.

కారుతున్న తొట్టిని బాగుచేయడానికి ఆదివారం పొద్దున 11 గంటలకు వస్తానన్న అక్వేరియం షాపు మనిషి సాయంత్రం నాలుగున్నరకు వచ్చాడు. ఫోన్ చేసినప్పుడల్లా "తొవ్వల ఉన్నానన్నా" అన్నాడు. ఐదున్నర గంటల తొవ్వ అంటే ఆదిలాబాద్ పోయి అన్నం తినొచ్చు. సరే, అది మింగేశాను. మింగుడు పడనిది ఆ తర్వాత జరిగింది.

వచ్చినవాడు పాత గమ్మును ముట్టుకోనైనా లేదు. వేలు తడి చేసుకుని, దాని మీదనే కొత్తగా మిమ్మల్ని పులిమాడు, రొట్టె మీద నెయ్యి రాసినట్టు. ఇది మూడోసారి. "రెండు గంటలాగి నీళ్ళు పోసుకో అన్నా, టెన్షన్ తీసుకోకు" అని ఐదు వందలు జేబులో పెట్టుకుని వెళ్ళాడు. నేనూ బుద్ధిమంతుడిలా రాత్రి ఏడింటికి నీళ్ళు పోశాను.

రెండింటికి అమ్మ బాత్రూంకు లేచి, చల్లగా ఏదో కాలికి తగిలి, ఇల్లంతా లేచేలా కేకేసింది: "ఓరి, చెరువుకు గండి పడ్డదిరా!"

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 190 లీటర్లు. సగానికి పైగా హాల్లో ఉంది. తొట్టి కింద నేల మీదనే పవర్ బోర్డు పెట్టిన మహానుభావుణ్ణి నేనే కాబట్టి, ముందు మెయిన్ ఆపి, తర్వాతే నీళ్ళల్లో కాలు పెట్టాను. ఆ ఒక్క తెలివైనా మిగిలింది. చేపలను తొట్టిలో మిగిలిన నీళ్ళతోనే అమ్మ గంగాళంలోకి మార్చాం. ఫిల్టర్ స్పాంజిని కూడా అందులోనే ముంచి ఉంచాను. నీళ్ళను శుభ్రం చేసే బ్యాక్టీరియా దాని మీదే బతుకుతుంది, ఎండితే అదీ పోతుంది.

ఇప్పుడు మర్యాద కాసేపు పక్కన పెడతాను.

నువ్వు అద్దానికి అంటుకుంటావు. వేలికి అంటుకుంటావు. నా కొత్త బనియన్‌కు అంటుకున్నావు, ఇంకా వదల్లేదు. కానీ ఆరిపోయిన నీ పాత గమ్ముకు మాత్రం సరిగా అంటుకోవు! సొంత అన్నతో మాట్లాడని తమ్ముడిలా పక్కనే నిలబడి, కలిసున్నట్టు నటిస్తావు. నీళ్ళు మీ ఇద్దరి నడుమ సందు చూసుకుని బయటికొస్తాయి. ఆ సంగతి నీ ట్యూబులు డబ్బాలకు డబ్బాలు అమ్మే వాళ్ళకు తెలియదా? తెలుసు. పాతది గీకాలంటే మూడు గంటలు పడుతుంది, పులమాలంటే మూడు నిమిషాలు.

ఇంకొకటి. పైన వేలు పెడితే ఇరవై నిమిషాలకే ఆరినట్టుంటావు. లోపల మాత్రం రోజుకు రెండు మూడు మిల్లీమీటర్లే గట్టిపడతావు. వరంగల్ ఎండ ఉంది కదా, తొందరగా ఆరుతుందని టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాను. తర్వాత తెలిసింది, నువ్వు ఎండకు ఆరే రకం కాదు, గాలిలో తేమ తాగి గట్టిపడే రకమని. మేనెల వడగాలి నీకు పనికిరాదు. ఇది నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. "రెండు గంటలు" మాత్రం అందరూ చెప్పారు.

రామప్ప గుడికి ఇసుక పునాది వేసిన కాకతీయుల ఊరు మాది. పాకాల చెరువు కట్ట గణపతిదేవుడి కాలం నాటిది, మట్టితో కట్టింది, ఇప్పటికీ నీళ్ళు ఆపుతోంది. వాళ్ళు మత్తడి పెట్టారు, తూములు పెట్టారు, ఎక్కువైన నీళ్ళు ఎటు పోవాలో ముందే ఆలోచించారు. మా హాల్లో నీళ్ళకున్న ఒకే తొవ్వ సోఫా కింద నుంచి.

నా తప్పు లేదని కాదు. దసరాకు గోడలకు రంగు వేయించేటప్పుడు, సగం నీళ్ళుండగానే తొట్టిని పక్కకు జరిపాను. అప్పుడే మూల మెలిబడి ఉంటుంది. కింద థర్మాకోల్ షీటు లేదు, స్టాండు ఒక కాలు పొట్టిదైతే అట్టముక్క పెట్టాను. ఆ మూలన తెల్లటి ఉప్పు గీత వస్తుంటే, బోరు నీళ్ళు కదా అని తడిగుడ్డతో తుడిచాను. నీళ్ళు సన్నగా కారి ఎండుతున్న గుర్తది. రెండు నెలలు తుడిచాను.

పక్కింటాయన "ఆ సక్కర్ చేపను భద్రకాళి చెరువుల ఇడువుండ్రి" అన్నాడు. అద్దానికి నోటితో అతుక్కునే ఆ విదేశీ చేప ఒకటి చెరువులో పడితే మన చేపల గతేం కావాలి? హార్డ్‌వేర్ షాపాయన బాత్రూం గమ్ము చేతిలో పెట్టి "అన్నీ ఒకటే సార్" అన్నాడు. బూజు పట్టకుండా అందులో కలిపే మందు చేపలకు విషం. ఆయనకు దండం పెట్టి వచ్చాను.

సోమవారం సెలవు పెట్టి నేనే కూర్చున్నాను. బ్లేడుతో లోపలి వైపు నాలుగు మూలలూ, అడుగు అంచులూ గీకాను. పాత గమ్ము పొడుగ్గా, సేమియా పోగుల్లా ఊడొచ్చింది. స్పిరిట్‌తో తుడిచి, రెండు వైపులా టేపు వేసి, నలుపు రంగు మిమ్మల్ని ఒకే ఊపులో లాగాను. (మళ్ళీ "మీరు" అంటున్నాను, గమనించగలరు.) అప్పటినుంచి హాలంతా ఆవకాయలో వెనిగర్ పోసినట్టు వాసన. మా పాప ముక్కు మూసుకుని టీవీ చూస్తోంది.

ఇవ్వాళ్టికి నాలుగో రోజు. రోజూ పొద్దున చాయ్ తాగుతూ దగ్గరికెళ్ళి ముక్కు పెట్టి చూస్తున్నాను. వాసన తగ్గింది, పోలేదు. గోరు పెట్టి నొక్కాలనిపిస్తుంది, నొక్కట్లేదు. నిజం చెప్పొద్దూ, ఆ నల్ల గీత ఇంత నున్నగా వచ్చిందంటే నాకే ముచ్చటేస్తోంది. ఆరాక బాల్కనీలో పాత పేపర్లు పరిచి, నీళ్ళు నింపి రెండు రోజులు చూస్తాను. పేపరు తడవకపోతేనే మీరు హాల్లోకి వస్తారు.

కాస్త గట్టిగా పట్టుకోండి. వచ్చే ఆదివారం మేనమామ ఇంట్లో ఫంక్షనుంది, అమ్మ గంగాళం అడుగుతోంది.