ఉత్తమ సహాయ నటుడు: మౌస్ బాణం

శివారు పట్టణాల్లో ఏటా జరిగే స్వతంత్ర చలనచిత్రోత్సవాలకు క్రమం తప్పకుండా వెళ్లేవారందరికీ ఒక నటుడు సుపరిచితుడు. ఏ దర్శకుడూ అతణ్ణి ఎంపిక చేయడు, అయినా ప్రతి చిత్రంలోనూ అతడికి పాత్ర ఉంటుంది. తెర నడుమ తెల్లగా, నిశ్చలంగా నిలబడే ఆ మౌస్ బాణానికి జ్యూరీ ఇంతవరకు ఒక్క జ్ఞాపిక కూడా ఇవ్వకపోవడం ఘోరమైన అన్యాయం.

ఈ ఏడాది అతడి నటన శిఖరాన్ని తాకింది. కథానాయిక ఇల్లు విడిచి వెళ్లాలా, ఉండిపోవాలా అని తేల్చుకోలేక కిటికీ దగ్గర నిలబడి ఉండగా, బాణం ఆమె ముక్కు కొన మీద కుదురుగా కూర్చుంది. వెనక వరుసలోంచి ఎవరో గొణిగితే వాలంటీరు దాన్ని పక్కకు జరపబోయాడు. ఆ కదలికకు తెర అడుగున ప్లే బటన్ల పట్టీ ప్రత్యక్షమై, సినిమా ఇంకా ఎంత మిగిలి ఉందో సభకు ఖచ్చితంగా తెలియజేసింది. ఆ పట్టీని దాచే ప్రయత్నంలో ఉండగానే, ల్యాప్‌టాప్‌ను ఇప్పుడే రీస్టార్ట్ చేయమంటారా, తర్వాత చేయమంటారా అని అడిగే పెట్టె ఒకటి ఆమె నుదుటిపై వెలిసింది. ఆమె నిర్ణయం ముందు వస్తుందా, వాలంటీరు నిర్ణయం ముందు వస్తుందా అని హాలంతా ఊపిరి బిగబట్టింది. ఆ చిత్రంలో అంతటి ఉత్కంఠ మరెక్కడా లేదని దర్శకుడే ఒప్పుకోవాలి.

ఇంతకు ముందు వేదిక మీద నిర్వాహకులు చరిత్ర చెప్పారు. 1932లో వెనిస్‌లో మొదలైన ఉత్సవ సంప్రదాయానికి తామే వారసులమని అన్నారు. అమెరికాలో పేరుమోసిన స్వతంత్ర చిత్రాల ఉత్సవం సండాన్స్ కూడా 1978లో సాల్ట్ లేక్ సిటీలో చిన్నగా పుట్టి, 1981లో పార్క్ సిటీ అనే కొండ ఊరికి చేరిన తర్వాతే ఇంత పెద్దదైందని గుర్తు చేశారు. ఆ ఉత్సవం 2027 నుంచి బౌల్డర్ అనే మరో ఊరికి తరలిపోతోంది కనుక, ఖాళీ అయిన సింహాసనం తమకోసమే ఎదురుచూస్తోందన్న ధీమా వారి ముఖాల్లో కనిపించింది. ఎర్ర తివాచీ ఉంది, ఫొటోలకు ఫ్లెక్సీ ఉంది, ప్రతి పోస్టరు మీదా రెండు ఆకుల రెమ్మల మధ్య 'అఫీషియల్ సెలెక్షన్' ఉంది. సినిమాను ముందురోజు ఒక్కసారి వేసి చూసుకునే తీరిక మాత్రం లేదు.

అందుకే ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పుతో తీసిన చిత్రాన్ని తెర నిండాలన్న సదుద్దేశంతో నిలువుగా సాగదీస్తే మనుషులందరూ వెదురు బొంగుల్లా కనిపించారు. ఆరు ఛానెళ్ల ధ్వనిని రెండు స్పీకర్లకు సరిగా కుదించకపోవడంతో, మధ్య ఛానెల్‌లో ఉండే సంభాషణలు పూర్తిగా మాయమై, అడుగుల చప్పుడూ నేపథ్య సంగీతమూ మాత్రమే మిగిలాయి. మౌనాన్ని ఇంత సాహసంగా వాడుకున్న దర్శకుణ్ణి ఒక జ్యూరీ సభ్యుడు మనసారా అభినందించారు. దర్శకుడు కూడా కృతజ్ఞతలు చెప్పాడు. పాపం, ఇంకేం చెప్తాడు!

నవ్వుకోవడం ఇంతవరకే. డీసీపీ, అంటే థియేటర్లలో వేయడానికి తయారుచేసే డిజిటల్ ప్రతి, లేకుంటే ప్రదర్శించబోమని నిబంధనల్లో రాసింది ఈ నిర్వాహకులే. దానికోసం ఆ కుర్ర దర్శకుడు అప్పు చేసి, రాత్రుళ్లు కూర్చుని, సెకనుకు 24 ఫ్రేముల లెక్క తప్పకుండా హార్డ్ డిస్క్ సిద్ధం చేసి పంపాడు. ఆ డిస్క్ సీలు కూడా విప్పలేదు. ఎంపిక సంఘం కోసం పంపిన ప్రివ్యూ ఫైలునే డౌన్‌లోడ్ చేసి వేసేశారు. ఎంట్రీ ఫీజు మాత్రం మొదటి గడువుకు ఒకటి, చివరి గడువుకు అంతకంటే ఎక్కువ, ఎంపిక కాకపోతే వాపసు లేదు. ఎవరి డబ్బుతో నడుస్తోంది ఈ పండగ?

ఇక ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి ఆలస్యంగానే మాట్లాడటంతో, కోల్పోయిన సమయాన్ని సినిమాల తోకలు కోసి సర్దుబాటు చేశారు. చివరి షాటు అయీ కాకముందే లైట్లు వేశారు, పేర్లు రాకముందే మైకు అందుకున్నారు. పైసా తీసుకోకుండా ఎండలో బూమ్ మైకు కర్ర పట్టుకున్నవాడికి, సొంత ఇంటిని లొకేషన్‌గా ఇచ్చినావిడకు, తిండీ నిద్రా మాని ఎడిట్ చేసిన అమ్మాయికి దక్కే కూలి ఆ పేర్ల వరుస ఒక్కటే. తమవాళ్లను వెంటబెట్టుకుని వాళ్లు హాల్లోనే కూర్చుని ఉన్నారు. వాళ్ల కళ్లముందే ఆ కూలిని ఎగ్గొట్టడం ఏర్పాట్లలో లోపం కాదు, సిగ్గుమాలినతనం.

స్పాన్సర్ల పేర్లను మాత్రం ప్రతి చిత్రానికీ ముందూ వెనకా పూర్తిగా, సంగీతంతో సహా వేశారు. వచ్చే ఏడాది ఎంట్రీలు ఆ రాత్రే మొదలయ్యాయి. ముందుగా కట్టినవారికి రాయితీ కూడా ఉందట.