ఆటోమేటిక్ కారు గురించి తిరుగుతున్న ఆ ఐదు చిట్కాలు నమ్మకండి

ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడ వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆటోమేటిక్ కారు ఎవరైనా ఐదు నిమిషాల్లో నేర్చేసుకోవచ్చంటూ ఐదు చిట్కాలు. కొత్తగా కారు కొన్నవాళ్లు అవి నమ్మి సుంకి ఘాట్ (కోరాపుట్ నుంచి సాలూరు వైపు దిగే కొండదారి) దిగుతారేమోనని నా భయం. అందుకే వరసగా చెబుతున్నాను.

"స్టార్ట్ చేసి, డిలో (ముందుకు నడిపే గేరులో) పెట్టి, యాక్సిలరేటర్ తొక్కితే సరి" అన్నది మొదటిది. సరికాదు. ముందు కుడికాలు బ్రేకు మీద ఉండాలి. గేరు లివరు పిలోనో (పార్కింగ్) ఎన్‌లోనో (న్యూట్రల్) ఉంటేనే ఇంజను స్టార్టవుతుంది. బటన్ ఉన్న కార్లలో బ్రేకు తొక్కకుండా నొక్కితే మీటరు లైట్లు వెలుగుతాయి గానీ ఇంజను స్టార్టవదు, అది చూసి బ్యాటరీ పోయిందని కంగారుపడి మెకానిక్‌కి ఫోన్ చేసేవాళ్లూ ఉన్నారు. స్టార్టయ్యాక బ్రేకు మీద కాలు తియ్యకుండానే డిలోకి మార్చి, హ్యాండ్‌బ్రేకు దించి, అద్దాలు చూసుకుని, అప్పుడు బ్రేకు మెల్లగా వదలాలి. చదునైన చోట చాలా కార్లు యాక్సిలరేటర్ ముట్టుకోకుండానే నడక వేగంతో ముందుకు పాకుతాయి. గేటు దాటడానికి, సందు మలుపు తిరగడానికి అది చాలు. ముందు పిల్లలు ఆడుకుంటున్న చోట యాక్సిలరేటర్ తొక్కి బయల్దేరమని ఎలా రాశారో!

రెండోది ఇంకా ఘోరం: "క్లచ్ లేదు కాబట్టి ఎడమకాలు బ్రేకుకి వాడండి." మాన్యువల్ నడిపినవాళ్ల ఎడమకాలికి క్లచ్‌ని అడుగంటా తొక్కడమే అలవాటు. అదే బలంతో బ్రేకు తొక్కితే కారు ఉన్నపళంగా ఆగిపోతుంది, వెనకాల లోడు లారీ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. టెన్షన్‌లో రెండు పెడల్సూ కలిపి తొక్కేసే ప్రమాదం కూడా ఉంది. రెండింటికీ కుడికాలే వాడాలి, ఎడమకాలు పక్కన ఊరికే ఉండాలి.

"పిలో పెడితే హ్యాండ్‌బ్రేకు అక్కర్లేదు" అట. పి అంటే గేర్‌బాక్సులో ఒక చిన్న ఇనుప కొక్కెం పళ్ల మధ్య పడటం, అంతే. వాలులో కారు బరువంతా దాని మీద వేలాడుతుంది, మళ్లీ బయల్దేరేటప్పుడు లివరు లాగితే టక్‌మని గట్టిగా చప్పుడొచ్చేది అందుకే. బ్రేకు తొక్కి ఆపి, ఎన్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, కారు దాని మీద నిలబడిందని చూసుకున్నాక, మళ్లీ బ్రేకు తొక్కి పిలోకి వెళ్లండి. పైగా మన దగ్గర తక్కువ ధరలో దొరికే ఏఎంటీ కార్లలో (మాన్యువల్ గేర్‌బాక్సుకే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఏర్పాటు ఉన్నవి) చాలావాటికి పి అనేదే ఉండదు, వాటి సంగతి ఆ మెసేజ్ రాసినవాళ్లకి గుర్తే రాలేదు.

ఇక "దిగుడులో ఎన్‌లో పెడితే పెట్రోలు మిగులుతుంది" అన్న నాలుగోది. పొట్టంగి దాటి సుంకి మీదుగా సాలూరు వైపు దిగేవాళ్లు ఇది తప్పక చదవాలి. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే దిగుడులో ఇంజనుకి పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. ఎన్‌లో పెడితే ఇంజను ఆగకుండా తిరగడానికి ఎంతో కొంత కాలుతూనే ఉంటుంది. అంటే మిగిలేది లేదు. పోయేది మాత్రం దిగుడులో కారు వేగం పెరగకుండా ఆపే ఇంజను పట్టు. అప్పుడు బరువంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత ఎంత తొక్కినా పట్టు తగ్గుతుంది. ఎల్, 2 (తక్కువ గేర్లు), ఎస్ (స్పోర్ట్) లేదా ఎం (గేరు మనమే మార్చుకునేది), మీ కారులో ఏది ఉంటే అందులోకి మారి గేరు తగ్గించుకుని దిగండి, బ్రేకు అదే పనిగా తొక్కిపెట్టకుండా ఆగి ఆగి వాడండి.

చివరిది, బ్యాటరీ దిగిపోతే తోసి స్టార్ట్ చెయ్యొచ్చని. మామూలు ఆటోమేటిక్‌లో ఇంజను తిరిగితేనే గేర్‌బాక్సు ఆయిల్ పంపు పనిచేస్తుంది, ఆ ఆయిల్ ఒత్తిడి లేకపోతే చక్రాల తిరుగుడు ఇంజనుకి అందదు, కాబట్టి పదిమంది తోసినా ఇంజను తిరగదు. డిక్కీలో జంపర్ కేబుళ్లు (ఇంకో కారు బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే వైర్లు) పెట్టుకోండి. తాడు కట్టి లాగించడం కూడా వద్దు, గేర్‌బాక్సు పాడవుతుంది, ఇంజను శక్తితో తిరిగే చక్రాలు నేలకి తగలకుండా ఎత్తి తీసుకెళ్లే బండినే పిలిపించండి.